వాక్యం చెప్పులు

మొన్నొక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చబోతుంటే గేటు చప్పుడైంది. మానుకోటలో మా వీధికి ఆ వేళప్పుడు వచ్చేది గ్యాసు బండి అబ్బాయి, లేదంటే చందాలు అడిగేవాళ్లు. ఎవరైనా సరే గుమ్మంలోంచే పంపించేద్దామని విసుక్కుంటూ వెళ్లాను. ఎనభై దాటిన మనిషికి పగటి నిద్ర ఎంత ముఖ్యమో ఈ కాలం వాళ్లకు తెలియదు. గేటు అవతల నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక సంచి. గార్ల దగ్గరి తండా నుంచి వచ్చానని, కరెంటు ఆఫీసులో పని చేస్తానని, పేరు శంకర్ అని చెప్పాడు. ఆ తర్వాత సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన చెప్పుల జత తీసి నా ముందు పెట్టాడు. తోలు ఎండి గట్టిపడింది, అడుగు అరిగిపోయింది. కానీ పైపట్టీ అంచు వెంట నడిచిన ఆ కుట్టును నేను చీకట్లో తడిమినా పోల్చుకోగలను. అది మా బాపు కుట్టు.

"అవ్వా, చిల్పూర్ దిక్కు చెప్పులు కుట్టే పెంటయ్య బిడ్డ, టీచరమ్మ, మీరే గదా?" అన్నాడు. అవునన్నాను. "మా నాయినమ్మ పోయి నెల అయితుంది. మంగ్లి అని. మీకు ఎరుకేనా?" ఎరుకేనా అంటే ఏం చెప్పను? అరుగు మీద కూర్చోమన్నాను. నేనూ కూర్చున్నాను. అతను చెప్పింది ఇది. వాళ్ల నాయినమ్మ ఏటా జొన్నలు ఇంటికి వచ్చాక ఒక జత చెప్పులు కొని, కొనుక్కోలేని మనిషి ఎవరికో ఒకరికి ఇచ్చేదట. "దుకాణంలనే కొంటది. అయినా ముందుగాల వాకిట్ల బూడిద జల్లి, వాళ్ల కాలు మోపిచ్చి, పుల్లతోని కొలుస్తది. ఆ పుల్ల దుకాణానికి పట్కపోతది. దుకాణపాయన నవ్వుతడు. ఇంకోటి, వాళ్ల కాలు మోపిచ్చే ముందు తన చెయ్యి బూడిదల పెడతది. గిదేందే అంటే, పుస్తకపోళ్ల ఇంట్ల నేర్సిన అనేది. గంతే. ఈ ఏడు నేనియ్యాలె. అర్థం తెల్వకుంట ఎట్ల చెయ్యాలె అవ్వా?"

చాయ్ పెట్టి ఇచ్చి, సాయంత్రం దాకా చెప్పాను. నిద్ర సంగతి మరిచిపోయాను. అతనికి చెప్పినదీ, చెప్పలేకపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు చిల్పూర్‌కు కాస్త దూరం. ఊరికి చివర మా వాడ, వాడకు చివర మా ఇల్లు, ఇంటి వెనక లంద. లంద అంటే తోలు నానబెట్టే గుంట. సున్నం, తంగేడు చెక్క, పచ్చి తోలు కలిసిన ఆ వాసన మా దొడ్డి దాటి ఊరి బాట దాకా వెళ్లేది. ఊళ్లో పెద్దలు మా ఇంటి వైపు రావలసి వస్తే ముక్కుకు కండువా అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకు అది అన్నం వాసన. లంద ఎండిపోయి ఆ వాసన తగ్గిందంటే ఇంట్లో జొన్న గటక వండే కుండ కూడా తేలికవుతుందని నాకు చిన్నప్పుడే తెలుసు. బాపు మోట బొక్కెనలు, ఎడ్ల వార్లు, చెప్పులు కుట్టేవాడు. మోకాళ్ల మధ్య తోలు బిగించి, నోట్లో తడి దారం పట్టుకుని, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె దించి లాగేవాడు. పనిలో ఉన్నంత సేపూ పెదవులు ఏదో అంటూనే ఉండేవి. పొద్దున చదివిన వాక్యం అది.

ఆ పుస్తకం మా ఇంటికి వచ్చిన తీరు అవ్వ వంద సార్లు చెప్పేది. మా ప్రాంతంలో అమ్మ అంటే అవ్వే. జనగామ నుంచి కాలినడకన ఊళ్లు తిరిగే ఒక బోధకురాలి చెప్పు వారు మా ఇంటి ముందు తెగిందట. బాపు కుట్టి ఇచ్చాడట. ఆమె ఒక బైబిల్ చేతిలో పెట్టి వెళ్లిందట. బాపుకు అప్పటికి అక్షరం ముక్క రాదు. అయినా ఆ పుస్తకాన్ని కింద పెట్టలేదు. మెత్తని మేక తోలుతో దానికి సంచి కుట్టి గూట్లో ఉంచాడు. నెలకోసారి వచ్చే బోధకుడి దగ్గర, కూలికి వెళ్లి వచ్చిన అలసటలోనే, వేలు పెట్టి అక్షరాలు దిద్దాడు. ఎవరి సాయమూ లేకుండా ఆయన మొదట చదివింది నూట పంతొమ్మిదో కీర్తనలో, దేవుని మాట కాళ్లకు దీపంలాంటిదని చెప్పే చోటు. అది చదివి బాపు, "మన కాళ్ల సంగతి గూడ ఆయన యాది చేసిండే" అన్నాడట. కాళ్లతో, కాళ్ల కింది తోలుతో బతికే మనిషికి ఆ మాట ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

దాని తర్వాత మా ఇంటి పద్ధతే మారిపోయింది. పొద్దున పొయ్యి అంటించక ముందు బాపు ఒక చిన్న భాగం చదివేవాడు. అవ్వ చీపురు పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని వినేది. ప్రార్థన చిన్నది. మా బాపుకు దేవుడితో కూడా ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. అసలు పరీక్ష సాయంత్రం ఉండేది. గటక తినడానికి కూర్చున్నాక ఒక్కొక్కరినీ అడిగేవాడు: "ఇయ్యాల మాట యాడ కుట్టినవ్ బిడ్డా?" అంటే పొద్దున విన్న వాక్యాన్ని ఆ రోజు ఏ పనిలో పెట్టావని. ఏ పనిలోనూ పెట్టకపోతే ఆయన తిట్టడు, కొట్టడు. "మంచిది, రేపు కుట్టు" అని ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే నాకు దెబ్బ కంటే ఎక్కువగా ఉండేది. అందుకని ముసలివాళ్లకు నీళ్ల కుండ ఎత్తి ఇవ్వడమో, మేకపిల్లను వెతికి ఇవ్వడమో, ఏదో ఒకటి సాయంత్రానికి తయారు చేసుకునేదాన్ని. ఒకరోజు అవ్వ, "నీ బిడ్డ మాట కుడుతలేదు, అతుకు ఏస్తుంది" అని నవ్వింది. బాపు కూడా నవ్వాడు. అతుకైనా చినిగిన చోటే కదా వేసేది అన్నాడు.

బాపు స్వయంగా ఏటా ఒక పెద్ద కుట్టు కుట్టేవాడు. జొన్నలు ఇల్లు చేరాక, ఆ ఏటి తోళ్లలో మంచిదాన్ని తీసి, దాని వీపు భాగం, అంటే అన్నిటికంటే గట్టి ముక్క, మొదట కోసేవాడు. ఆ ముక్కతో ఒక జత చెప్పులు. వాటికి వెల లేదు. ఊళ్లో చెప్పులు కొనుక్కోలేని మనిషి ఒకరికి అవి వెళ్లేవి. ఏ కులమని, ఏ దేవుడని చూసేవాడు కాదు. పుస్తకం వచ్చినందుకు, అది చదవడం వచ్చినందుకు ఆయన చెప్పుకున్న కృతజ్ఞత అదే. ఇంట్లో మేం వాటిని వాక్యం చెప్పులు అనేవాళ్లం. దేవుని వాక్యాన్ని చెప్పులతో కలిపి అనడమేమిటని మా మేనత్త మొగుళ్లపల్లి నుంచి వచ్చినప్పుడల్లా గొణిగేది. గొణుగుతూనే, తనకూ ఒక జత పడుతుందేమోనని బాపు వైపు చూసేది. ఆమె కాళ్లకు మంచి చెప్పులే ఉండేవి కాబట్టి ఎప్పుడూ పడలేదు.

బూడిద సంగతి ఇక్కడ చెప్పాలి. ఊరివాళ్లు మాతో చెప్పులు కుట్టించుకునేవాళ్లే గాని మా బాపు వేలు వాళ్ల కాలికి తగలకూడదు. అందుకని వాకిట్లో పొయ్యి బూడిద పలచగా చల్లి, వాళ్ల చేత పాదం మోపించి, వాళ్లు పక్కకు జరిగాక ఆ అచ్చును జొన్న దంటు పుల్లతో కొలుచుకునేవాడు. అంటరానితనం నేర్పిన కొలత అది. వాక్యం చెప్పులకు కూడా అదే కొలత, ఎందుకంటే ఆయనకు వేరే కొలత రాదు. తేడా ఒక్కటే ఉండేది. కాలు ఎత్తగానే బాపు వంగి, తన భుజం మీది తువ్వాలతో ఆ పాదానికి అంటిన బూడిద తుడిచేవాడు. కొందరు కంగారుపడి కాలు వెనక్కి లాక్కునేవాళ్లు. కుమ్మరి ముసలాయన అయితే ఏడ్చేశాడు.

దొరకు కూడా బాపు చెప్పులు కుట్టేవాడు. వాటికీ వెల లేదు. దొర ఇంటిల్లిపాదికీ చెప్పులు, ఆయన ఎడ్లకు వార్లు, బావులకు బొక్కెనలు, అన్నీ వెట్టి. పైగా ఆ చెప్పులు కుట్టిన మనిషే దొర ఉండే గడీ ముందు చెప్పులు వేసుకుని నడవకూడదు. మా ఊళ్లో పెద్ద కులాల వాళ్లు నలుగురైదుగురు తప్ప ఎవరైనా సరే గడీ గోడ మొదలైన చోట చెప్పులు విప్పి, చంకలో పెట్టుకుని, గోడ దాటాక వేసుకోవాలి. ఒకసారి నేను అవ్వను అడిగాను. "దొరకూ ఊకెనే ఇస్తిమి, కుమ్మరి తాతకూ ఊకెనే ఇస్తిమి. ఫరకేంది?" అవ్వ, "మీ బాపు దొర చెప్పులు కుట్టేటప్పుడు మొఖం జూడు. వాక్యం చెప్పులు కుట్టేటప్పుడు జూడు" అంది. చూశాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

తర్వాత సంగం రోజులు, ఊళ్లు దొరలకు ఎదురు తిరిగిన రోజులు వచ్చాయి. పాలకుర్తి, జనగామ వైపు నుంచి మొదలైన గాలి మా ఊరికీ తగిలింది. ఇక వెట్టి చెయ్యబోమని ఊరంతా ఒక్కటైంది. దొర మూటాముల్లె సర్దుకుని పట్నం వెళ్లిపోయాడు. బాపు తన చెప్పులకు జీవితంలో మొదటిసారి వెల చెప్పాడు, అదీ సిగ్గుపడుతూ. రజాకార్ల భయం పోయి మిలిటరీ వచ్చాక దొర కూడా వెనక్కి వచ్చాడు. గడీలో క్యాంపు పెట్టించాడు. అడవిలోకి వెళ్లిన సంగపోళ్ల కోసం గాలింపులు మొదలయ్యాయి. ఎవరు వాళ్లకు అన్నం పెట్టారు, ఎవరు నీళ్లు ఇచ్చారు, ఎవరు చెప్పులు కుట్టి ఇచ్చారు అని ఇల్లిల్లూ అడిగేవాళ్లు. అడవిలో తిరిగేవాడికి చెప్పులు తుపాకీ అంత ముఖ్యం కాబట్టి మా ఇంటి మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండేది.

ఆ రోజుల్లోనే మా ఊరికి ఆవల గుట్ట కింది తండాను క్యాంపు జవాన్లు కాల్చేశారు. మంగ్లి భర్త సంగంలో తిరుగుతున్నాడని తెలుసు గాని, అప్పటికే అతన్ని పట్టుకుపోయారనీ, ఎక్కడ ఉంచారో తెలియదనీ తర్వాత విన్నాం. గుడిసె అంటుకున్నప్పుడు మంగ్లి నీళ్లకు వెళ్లి ఉంది. లోపల ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. పరుగున వచ్చి నిప్పుల మీద నడిచి బిడ్డను తెచ్చుకుంది. బిడ్డకు ఏమీ కాలేదు. ఆమె అరికాళ్లు మాత్రం మిగల్లేదు. మోకాళ్ల మీద, చేతుల మీద పాకుతూ మా లంద దాకా చేరింది. అవ్వ చూసి అరవలేదు, ఎవరు, ఏమిటి అని అడగలేదు. భుజాన వేసుకుని తోళ్లు ఆరబెట్టే కొట్టంలోకి తీసుకెళ్లింది. ఆ వాసనకు జవాన్లు ఆ వైపు రారని అవ్వకు తెలుసు. అందరూ ముక్కు మూసుకునే చోటే ఆమెకు భద్రమైన చోటైంది. కలబంద గుజ్జు రాసి, మెత్తటి గుడ్డలు కట్టి, కూతురిలా చూసుకుంది. ఆ పిల్లవాడిని నా చంకకెక్కించారు.

కాళ్లు కాస్త మానుముఖం పట్టాయి. జొన్నలు కూడా ఇంటికి వచ్చాయి. ఆ ఏడు మంచి తోలు ఒక్కటే ఉంది. బాపు ఒక పొద్దున చదవడం అయ్యాక, "ఈ ఏడు చెప్పులు గామెకే" అన్నాడు. అవ్వ అప్పటికే బూడిద చల్లుతోంది. మంగ్లిని అవ్వా నేనూ పట్టుకుని బయటికి నడిపించుకు వచ్చాం. ఆమె ఆ బూడిదను చూడగానే వెనక్కి తూలిపోయింది.  కాలు మోపితే మళ్లీ కాలుతుందని ఆమె ఒళ్లంతా చెబుతోంది. మాకెవరికీ తట్టలేదు, ఆమెకు బూడిద అంటే ఏమిటో. బాపు కింద కూర్చున్నాడు. తన అరచెయ్యి బూడిదలో పెట్టాడు. అలాగే ఉంచి, ఆమె వైపు చూశాడు. "సల్లగనే ఉన్నది తల్లీ. జూడు. సల్లగనే ఉన్నది" అన్నాడు. చాలా సేపటికి మంగ్లి ఒక కాలు, ఆయన చేతి అచ్చు పక్కనే మోపింది. బాపు ఆ పాదాన్ని తువ్వాలతో కాదు, ఊది తుడిచాడు.

ఇదే శంకర్ అడిగిన ప్రశ్నకు జవాబు. అది విన్నాక అతను చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ చెప్పుల జతను ఒళ్లోకి తీసుకున్నాడు. ఇంకా ఉంది విను అన్నాను.

ఆ చెప్పులకు బాపు లోపల మేక తోలు మెత్త వేసి, ఆముదం పట్టించి, వారు వెడల్పుగా పెట్టాడు. అవి ఆమె కాళ్లకు తొడిగిన మర్నాడే గడీ గుమాస్తా వచ్చాడు. దొర మళ్లీ ఊరికి వచ్చినందుకు కొత్త చెప్పులు కావాలి, మంచి తోలు తియ్యమన్నాడు. తోలు కోశానన్నాడు బాపు. లంద పక్కన పడి ఉన్న వీపు తోలు కత్తిరింపులు గుమాస్తా చూశాడు. "ఎవనికి కుట్టినవ్ రా పెంటిగా?"

"వాక్యం చెప్పులు దొరా. ఏటా ఇచ్చేటివే. ఇచ్చిన."

"ఎవనికి?"

బాపు వంగి ఆ కత్తిరింపులు ఏరుకున్నాడు. కాలిన తండా ఆడమనిషికి అంటే ఆమెను పట్టుకుపోతారు. ఇంకొకరి పేరు చెబితే అబద్ధం. మూడో మాట ఆయన దగ్గర లేదు. గుమాస్తాకు మాత్రం అది చాలా తేలికగా అర్థమైంది. సంగపోళ్లకు చెప్పులు కుడుతున్నాడని బాపును గడీకి నడిపించుకుపోయారు. ఆ రాత్రి అక్కడ ఆయన కుడిచేతి మీద కర్రతో కొడుతూ ఆ ఒక్క ప్రశ్నే అడిగారని తర్వాత తెలిసింది. ఆయన వాక్యం చెప్పులనే ఆ ఒక్క జవాబే చెప్పాడట.

మా అవ్వకు చదువు రాదు. విన్న వాక్యమే ఆమె చదువు. తెల్లవారగానే పుస్తకం సంచి తీసి నా చేతికిచ్చి, "సదువు" అంది. బాపు లేకుండా నేను గట్టిగా చదివిన మొదటి రోజు అది. ఎక్కడ చదివానో గుర్తులేదు, తడబడ్డానని గుర్తుంది. అవ్వ విన్నది, కళ్లు తుడుచుకున్నది, కొంగు నడుముకు చుట్టి బయలుదేరింది. ఏటేటా వాక్యం చెప్పులు అందుకున్న వాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. "మా ఆయన ఏటా ఒక జత ఊకెనే ఇస్తడని దొరకు తెల్వది, క్యాంపోళ్లకు తెల్వది. మీ కాళ్లకు తెలుసు. కాళ్లకు తొడుక్కొని గడీ ముంగటికి రాన్రి" అని అడిగింది. గడీ ముందుకు చెప్పులతో. కొన్ని తలుపులు మూసుకున్నాయి, వాళ్లను నేను ఏమీ అనను. కొన్ని తెరుచుకున్నాయి. కుమ్మరి ముసలాయన, గొల్ల వితంతువు, మా వాడలో డప్పు కొట్టే కుంటి తాత, మరికొందరు. కొత్త జత లేకుండా వెళితే అందరూ వెళ్లీ లాభం లేదని ఇంట్లో మాట్లాడుకుంటుంటే, కొట్టంలోంచి మంగ్లి, "నేనొస్త" అంది. అవ్వ వద్దంది. ఆమె అప్పటికే చేతుల గాజులు తీస్తోంది. లంబాడ ఆడమనిషి భర్త బతికి ఉండగా ఆ గాజులు తీయదు. అవ్వ తన చీర కట్టించి, కొంగు భుజాల మీదుగా నిండుగా కప్పింది.

అలా వెళ్లాం. నా చంకలో పిల్లవాడు. గడీ గోడ మొదలైన చోటు వచ్చేసరికి కుమ్మరి ముసలాయన ఆగి, వంగి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, వచ్చిన పనే మరిచిపోయాడు. అవ్వ వెనక్కి తిరిగి చూసి, "ఓ తాతా, చూపియ్యాల్సినయి సంకల పెట్టుకొని ఏం జేస్తవ్, తొడుగు" అంది. ఆ భయంలోనూ గొల్లామెకు నవ్వాగలేదు. ముసలాయన నాలుక కరుచుకుని మళ్లీ తొడుక్కున్నాడు. గోడ పొడుగునా మా చెప్పులు కిర్రు కిర్రుమంటూ నడిచాం. ఆ ఊరు ఊరైనప్పటి నుంచి అక్కడ వినపడని చప్పుడు అది.

గడీ ముందు వరుసగా నిలబడ్డాం. బాపు లోపలి వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు, కుడిచెయ్యి గుమ్మడికాయలా వాచి ఉంది. దొర బయటికి వచ్చాడు. మా ముఖాలు చూడలేదు, కాళ్లు చూశాడు. సంగపోళ్ల సంగతి, మిలిటరీ సంగతి అన్నీ మరిచిపోయి, "చెప్పులు ఇడువున్రి ముందు" అని అరిచాడు.  విప్పితే మంగ్లి అరికాళ్లు బయటపడతాయి. ఆ కాలిన కాళ్లు చూస్తే ఏ తండా ఆమెదో అడగాల్సిన పనే లేదు. ఎవరూ కదల్లేదు. కుమ్మరి తాత కూడా, ఈసారి.

దొర వెనకే బయటికి వచ్చిన క్యాంపు అధికారి ఎక్కడో దూరప్రాంతం మనిషి. మా భాష రాదు. దొర ఎందుకు అరుస్తున్నాడని గుమాస్తాను ఉర్దూలో అడిగాడు. చెప్పులు విప్పమంటున్నారని చెప్పాడు గుమాస్తా. ఎందుకని అడిగాడు ఆయన. గుమాస్తా దొర వైపు చూశాడు. దొర గుమాస్తా వైపు చూశాడు. దొర ముందు వీళ్లు చెప్పులతో నిలబడకూడదు అనే ఆ సంగతిని కొత్త సర్కారు మనిషికి ఏ భాషలో చెప్పుకుంటారు?  అధికారి విసుగ్గా చెయ్యి ఊపి, ఉండనీ అన్నాడు. అవ్వ ముందుకు వచ్చి, తనకు వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలూ తెలుగూ కలిపి చెప్పింది: "సాల్‌కు ఒక్క జత సాబ్. పుస్తకం మీద ప్రేమతోని. ఎవల పైసా లేదు. గివే అన్ని." ఒక్కొక్కరి కాళ్లూ చూపించింది. కొత్త జత దగ్గర ఆగలేదు, తొందరపడలేదు, అందరిలాగే చూపించి ముందుకు జరిగింది. మంగ్లి కొంగు చాటున పళ్లు బిగించి నిటారుగా నిలబడింది. అధికారి ఆ ముసలివాళ్ల కాళ్లూ ఆడవాళ్ల కాళ్లూ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, వీటితో అడవిలో ఎవరు తిరుగుతారు అన్నట్టు గుమాస్తాను ఏదో కసిరి, బాపును వదిలేయమన్నాడు. బాపు లేచి వచ్చాడు. ఆయన కాళ్లకు చెప్పులు లేవు, ఎప్పుడూ లేవు. మా అందరి చెప్పుల చప్పుడు మధ్య ఉత్త కాళ్లతో నడిచి ఇంటికి వచ్చాడు.

ఆ సాయంత్రం గటక కుండ చుట్టూ కూర్చున్నాం. అవ్వ ముద్ద కలిపి బాపు నోటికి అందించింది. ఎప్పుడూ ఆయన అడిగే మాట ఆ రోజు అవ్వ అడిగింది. "ఇయ్యాల మాట యాడ కుట్టినవయ్యా?" బాపు వాచిన చెయ్యి చూసుకున్నాడు. "ఇయ్యాల నేను కుట్టలే. మీరు కుట్టిన్రు" అన్నాడు. ఆ చేతి బొటనవేలు మళ్లీ పూర్తిగా వంగలేదు. ఆ తర్వాతి ఏడు నుంచి వాక్యం చెప్పులకు పట్టే కాలం రెట్టింపైంది. ఒక్క ఏడు కూడా ఆగలేదు. మంగ్లి బిడ్డతో గార్ల వైపు తన అన్నదమ్ముల దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ కలవలేదు.

గర్వం మంచిది కాదని ఆదివారం బళ్లో ఎన్నో తరాల పిల్లలకు నేనే చెప్పాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గర్వపడతాను, దేవుడు ఏమనుకున్నా సరే. ఆయన కూడా ఏమీ అనుకోడని నా నమ్మకం. ఇప్పుడు మా ప్రార్థన గుడికి మైకులున్నాయి, పాలరాతి మెట్లున్నాయి, ఆ మెట్ల కింద వందల చెప్పుల జతలున్నాయి. బైబిల్ ఫోన్లోకి కూడా వచ్చింది, నా కళ్లకు అది మేలే, అక్షరం పెద్దదవుతుంది. వాక్యం కోసం కృతజ్ఞత చెప్పమంటే అందరూ చక్కగా చెబుతారు, కొందరు అన్నం చల్లారేదాకా చెబుతారు. వినేటప్పుడు నా లోపలి నుంచి బాపు గొంతు, యాడ కుట్టినవ్ అని అడుగుతుంది. పైకి అంటే ముసలిదానికి చాదస్తమంటారని ఊరుకుంటాను.

శంకర్ అంతా విన్నాడు. "ఆ పిల్లగాడు మా నాయినే గదా అవ్వా" అన్నాడు. నా చంక ఎక్కినవాడే అన్నాను. బుగ్గలు నిండుగా ఉండేవని, తెగ బరువని కూడా చెప్పాను. అతను కళ్లు తుడుచుకుని, లేచి, బూడిద ఉందా అని అడిగాడు. గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? వీధి చివర ఇస్త్రీ బండి ఉంది, బొగ్గుల పెట్టె కదా, అక్కడ దొరుకుతుందన్నాను. కర్ర పట్టుకుని నేనూ వెళ్లాను. బండి దగ్గర పనిచేసే లక్ష్మి పెట్టె దులుపుతూ, బూడిద ఎందుకని అడిగింది. శంకర్ ఆమె కాళ్లు చూశాడు. వారు తెగిన రబ్బరు చెప్పులకు తీగ కట్టి ఉంది, రోజంతా నిలబడిన పాదాలు పగిలి ఉన్నాయి. అతను నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

బూడిద చల్లారేదాకా ఆగాం. దాన్ని బాట పక్కన నేల మీద పలచగా పరిచాడు. లక్ష్మి, "అయ్యో, ఇప్పుడే తీసింది సారు, కాలుతది" అని వెనక్కి జరిగింది. ఇస్త్రీ చొక్కా మోచేతి దాకా మడిచి, శంకర్ నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి బూడిదలో పెట్టి, అలాగే ఉంచి, ఆమె వైపు తల ఎత్తాడు.

"సల్లగనే ఉన్నది అక్కా. జూడు" అన్నాడు.